చావిడి సందులో రాతిపువ్వు

బనగానపల్లె పక్కన మాది అని చెప్పగానే వినేవాళ్ళకు నోరూరుతుంది. మామిడిపండ్లు గుర్తొస్తాయి. మా సందుకు తీసుకొచ్చి నిలబెడితే ఆ ఊరిన నోరు అక్కడికక్కడే ఎండిపోతుంది. మామిడితోటలు ఊరికి ఆ వైపు. ఈ వైపు నాపరాళ్ళ ఫ్యాక్టరీలు, వాటి తెల్లపొడి, ఆ పొడిలో తడుముకుంటూ బతికే పదమూడు ఇళ్ళు. చివర పీర్ల చావిడి ఉంది కాబట్టి చావిడి సందు అంటారు. ఎండాకాలం మా సందులో ఎవరైనా గట్టిగా తుమ్మితే ఎదురింటివాళ్ళు పది నిమిషాలు కనపడరు. వాన పడితే మాత్రం అందరూ కనపడతారు, నడుం పైనుంచి.

నా పేరు నాగలత. డిగ్రీ అయిపోయి ఏడాదైంది. ఊళ్ళో నా మీద ఉన్న ఫిర్యాదుల్లో ఒక్కటి తప్ప ఇంతవరకు ఏదీ రుజువు కాలేదు.

పోయిన ఎండాకాలం మొదట్లో, మామిడి పిందెలు రాలగొట్టే వాన ఒకటి పడింది. సందు మధ్యలో చెరువంత మడుగు నిలిచింది. ఓబుళేశు ఆటో అందులో దిగి, సైలెన్సర్లోంచి రెండు బుడగలు వదిలి, ఊరుకుంది. అది చూసి నాకు సమాజసేవ చెయ్యాలనిపించింది. ఒక అట్టముక్క మీద ‘ఇచ్చట ఈత నేర్పబడును. ఆడవాళ్ళకు వేరే సమయం కలదు. సంప్రదించండి: ఓబుళేశు’ అని రాసి, కింద వాడి ఫోన్ నంబరు వేసి, కట్టెకు కట్టి మడుగులో నాటాను. ఫోటో తీసి ఒకే ఒక్కరికి పంపాను. ఆ ఒక్కరు ఎవరికి పంపారో నాకు సంబంధం లేదు.

మూడో రోజు పొద్దున ఓబుళేశు మా ఇంటి ముందుకొచ్చాడు.

“ఏమ్మే నాగలతా, నిన్నటినుంచి పదిహేడు ఫోన్లు. ఒకాయమ్మ ఏమంటాదో తెల్సా? పిల్లోడికి ట్యూబు మీరే ఇస్తారా, మేమే తెచ్చుకోవాల్నా అంటాది.”

“నువ్వేం చెప్పినావన్నా?”

“మీరే తెచ్చుకోండి అని చెప్పినా.” తల గోక్కుంటూ, “కోపంలో నోటికొచ్చేసింది మే,” అన్నాడు.

అంతటితో పోలేదు. బజ్జీలమ్మే ఉరుకుందమ్మవ్వ పాణ్యంలో తన చెల్లెలింటికి పోతే, “మీ సందులో మొసళ్ళు కూడా ఉండాయంట కదక్కా” అని అడిగారట. మొసళ్ళ సంగతి నేను రాయలేదు. అది పాణ్యం పోయే దారిలో ఎక్కడో పుట్టింది. అవుకు నుంచి ఇద్దరు బండేసుకుని మడుగు చూడ్డానికి వచ్చారు, చూసి నిరాశపడి, అవ్వ దగ్గర మిరపకాయ బజ్జీలు తిని పోయారు.

అవ్వకు బేరమైతే అయింది గాని పరువు పోయింది. ఆ సాయంత్రం అందర్నీ చావిడి మెట్ల దగ్గరికి పిలిచింది.

“మొసళ్ళంట. నా చెల్లెలు అడిగినాది. నా నోటితో నేను లేవు అని చెప్పుకోవాల్సి వచ్చినాది. ఇంగ నేను ఆ ఊరికి మళ్ళా పోవాలంటే ఈ సందు బాగుపడాల.”

అంగన్‌వాడీ టీచర్ ఏసుమణి అక్క లేచి నిలబడింది. ఆమె నిలబడితే మా సందులో పెద్దవాళ్ళు కూడా చేతులు కట్టుకుంటారు. సగం మందికి అక్షరాలు నేర్పింది ఆమే.

“రోడ్డొస్తాది, రోడ్డొస్తాది అని నేను కాపురానికొచ్చిన కాణ్నుంచి వింటాండా. రోడ్డు రాదు. రాళ్ళయితే ఉండాయి. ఫ్యాక్టరీల ఎనకాల పగిలిన ముక్కలు కొండలు కొండలుగా పోసినారు, ఎత్తుకపోతే సాలు అంటాండారు వాళ్ళు. ఓబుళేశు ఆటోలో తెచ్చుకుందాం. ఇంటికో మూట సిమెంటు. మనమే పరుచుకుందాం.”

“పరిచేదెవురు?” అన్నాడు ఓబుళేశు.

 పదమూడు ఇళ్ళ తలకాయలూ మా ఇంటి వైపు తిరిగాయి. మా అరుగు మీద, కుడికాలు స్టూలు మీద చాపుకుని, మా నాయన శివన్న మేస్త్రి నిద్రపోతున్నట్టు నటిస్తున్నాడు. ఆయనకు నటన రాదు. నిద్రపోయేటప్పుడు గురక పెట్టే మనిషి, ఆ రోజు ఊపిరి కూడా తీయలేదు.

మా నాయన నాపరాయి పరిస్తే దాని మీద గోళీ పెట్టినా కదలదని పేరు. దీపావళికి ముందు రాళ్ళ దొంతి ఒకటి జారి మోకాలి మీద పడింది. కర్నూలులో ఆపరేషన్ అయింది. నడుస్తాడు. మోకాలు మాత్రం వంగదు. నేలపని చేసే మేస్త్రికి మోకాలు వంగకపోతే ఏముంది? పాదాల మీద గొంతుక్కూర్చుని, తాపీ పట్టుకుని, వెనక్కి వెనక్కి జరుగుతూ పోవాలి ఆ పని. కింద కూర్చుని చేసుకోరాదా అని ఒకసారి అమ్మ అంటే ఇంతెత్తున లేచాడు.

“కూలబడి పనిచేసేటోణ్ణి మేస్త్రి అనరు. తాగి పడినోడు అంటారు.”

ఆ తర్వాత ఎవరు పనికి పిలిచినా ఫోన్ నాకిచ్చి ‘లేడని చెప్పు’ అనేవాడు. నేను చెప్పేదాన్ని. ఒకరికి సింగపూరులో ఉన్నాడని చెప్పాను, ఇంకొకరికి అక్కడినుంచి కూడా వెళ్ళిపోయాడని చెప్పాను.

పని లేని మేస్త్రి ఇంట్లో ఉంటే ఎలా ఉంటుందో పగవాడికి కూడా తెలియకూడదు. అమ్మ దోసె పోస్తే ఒకవైపు మందమైందని చెప్పేవాడు. అన్నం గిన్నె మీద రసమట్టం పెట్టి చూసి, “పొయ్యి తూర్పుకు వాలినాది” అనేవాడు. పొయ్యి కిందకు అమ్మ ఒక అట్టముక్క తోసింది. రసమట్టంలో బుడగ మధ్యకు వచ్చింది. అమ్మ కళ్ళల్లో నీళ్ళు కూడా మధ్యకు వచ్చాయి. ఆయన్ను ఇంట్లోంచి కదిలించకపోతే మా ఇద్దర్లో ఒకరం సింగపూరు పోవాల్సి వచ్చేది.

మరుసటి ఆదివారం ఓబుళేశు మొదటి ఆటో రాళ్ళు తెచ్చాడు. ఎక్కణ్నుంచి మొదలుపెడదామంటే మా గుమ్మం ముందునుంచే అన్నాను.

“ఏంటికి?”

“శకునం బాగుండాదన్నా.”

ఏసుమణి అక్క నా ముఖం చూసింది. నన్ను అంగన్‌వాడీలో పలక పట్టినప్పటినుంచి ఎరుగును. పార తీసుకుంది.

మొదటి రాయి నేనే పెట్టాను, నున్నటి వైపు కిందకు, గరుకు వైపు పైకి. రెండో రాయి దానికి రెండు వేళ్ళు ఎత్తుగా పెట్టాను. మూడోది పెట్టి దాని మీద ఎక్కి గంతేశాను. ఓబుళేశుకు నిజంగానే పని రాదు కాబట్టి వాడికి నేనేమీ చెప్పనక్కర లేకపోయింది. అరుగు మీద నాయన స్టూలు మీదినుంచి కాలు దించాడు. పసిబిడ్డను తలకిందులుగా ఎత్తుకుని తిప్పుతుంటే చూస్తున్నట్టుంది ఆయన ముఖం. ఒక గంట ఓర్చుకున్నాడు. అంతకుముందు ఆయన అంతసేపు ఓర్చుకున్నది ఆపరేషన్ అప్పుడే, అదీ మత్తిచ్చారు కాబట్టి.

ఓబుళేశు నాలుగో రాయి ఎత్తి పెట్టబోయాడు.

“ఒరే! ఒరే ఓబుళేశూ! రాయికి మొగమేదో ఈపేదో తెలీదంట్రా నీకు? ఎత్తు! ఎత్తు దాన్ని! వాటం యాడుండాది? నీళ్ళు యాడికి పోతాయి, మా ఇంట్లోకా?”

“మాకేం తెల్సు మామా. నువ్వు చెప్తే కదా.”

“చెప్పేదేముండాది, కండ్లు లేవా! దారం కట్టినారా అసలు? ఏయ్ నాగలతా, ఆ మూడు రాళ్ళు పీకేయ్. పీకి, కడుగు. కడిగి, వాటికి మొక్కు.”

ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తెచ్చి వీధిలో వేశాం. చేతికర్ర పట్టుకుని వచ్చి కూర్చున్నాడు. ఏప్రిల్, మే రెండు నెలలు ఆ కుర్చీలోంచి మా సందును పరిపాలించాడు.

పొద్దున ఆరు నుంచి తొమ్మిది, సాయంత్రం ఐదు నుంచి చీకటి పడేదాకా పని. మధ్యలో ఎండ ఎట్లుండేదంటే, సిమెంటు మాలు కలపడానికి పోసిన నీళ్ళు పారకు అందకముందే పైకి పోయేవి. రసూల్ సాహెబ్ తాత నన్నారి షర్బతు బండిని పనిచేసేచోటే నిలిపేవాడు. ఆయనే పీర్ల చావిడి ముజావర్, పీర్లను ఎత్తేది, దించేది, వాటికి నీళ్ళు పోసేది ఆయన చేతుల మీదే. షర్బతు పోస్తూ మధ్యమధ్యలో దిమ్మిస పట్టుకుని నేల గట్టిచేసేవాడు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి ఆ దెబ్బ వేస్తే మా ఇంట్లో చెంబులు దొర్లేవి.

“శివన్నా, ఇట్ల సాలా, ఇంగా కొట్టల్నా?”

“ఇంగా రెండు దెబ్బలెయ్ మామా. నీ కోపాలన్నీ తీర్చుకో.”

“నాకెవరి మీద కోపం అప్పా?”

“మీ కోడలి మీద ఉంటాది గదా.”

“గట్టిగా అనొద్దు, వింటాది,” అని రెండు కాదు, పది వేశాడు.

రాళ్ళు ముందుకు పోతుంటే గోడలు ఊరుకోలేదు. ఒకరు సున్నం కొట్టారు. రెండో ఇంటివాళ్ళు సున్నంలో నీలిమందు కలిపారు. మూడో ఇంటివాళ్ళు ఇంకొంచెం కలిపారు. సందు చివరకొచ్చేసరికి గోడ ఎక్కడ ఆగి ఆకాశం ఎక్కడ మొదలవుతుందో తెలియక కాకులు గుద్దుకునేవి. ఉరుకుందమ్మవ్వ బర్రె కొత్త గోడకు ఒళ్ళు రుద్దుకుని ఒకవైపు నీలంగా తయారైంది. పాలు తెల్లగానే ఉన్నాయని అవ్వ వారం రోజులు ప్రతి ఇంటికీ చెంబు పట్టుకుపోయి చూపించాల్సి వచ్చింది. ఖాళీ పెయింటు డబ్బాల్లో బంతి, కనకాంబరం నాటించింది ఏసుమణి అక్క. చిన్నపిల్లలకు తలా ఒక డబ్బా అప్పజెప్పింది. నీళ్ళు పోయని పిల్ల పేరు అంగన్‌వాడీ బోర్డు మీద రాస్తానంది. ఆ భయానికి మొక్కలు కుళ్ళిపోయేంత పోశారు, మళ్ళీ నాటాం.

మే నెలాఖరుకు చావిడి ముందుకు చేరాం. అక్కడ సందు వెడల్పవుతుంది, చిన్న మైదానంలాగా. నాయన కుర్చీలోంచి లేచి, ఆ జాగా చుట్టూ మూడుసార్లు కర్ర పొడుచుకుంటూ తిరిగాడు. మధ్యలో మేకు దిగ్గొట్టించి, దానికి దారం కట్టించి, సుద్దముక్కతో నన్ను వలయం గీయమన్నాడు.

“ఏం నాయనా ఇది?”

“పువ్వు. ఎనిమిది రెక్కలు. నల్లరాయి, పచ్చరాయి, పసుపురాయి వేరువేరుగా ఏరిపెట్టు. ఇన్నేండ్లు నలుచదరాలు పరిచి పరిచి కండ్లు మసకలైనాయి. ఎవురూ పువ్వు అడగలేదు.”

తొమ్మిది రోజులు పట్టింది ఆ పువ్వు. ఉలి నా చేతిలో, మాట ఆయన నోట్లో. ఒక రెక్కను నాలుగుసార్లు పీకించాడు. నాలుగోసారి నేను, “నాయనా, నన్ను కనేదానికి కూడా అమ్మ ఇంత కష్టపడలేదు,” అన్నాను. “అందుకే అట్ల తయారైనావు,” అన్నాడు. కానీ పని జరిగినంతసేపూ ఆయన కుడిచెయ్యి గాల్లో కదులుతూనే ఉండేది, తాపీ పట్టినట్టు, లేని మాలును సర్దుతున్నట్టు. ఒకసారి కర్ర పక్కన పెట్టి ముందుకు వంగాడు కూడా. అంతలో ఎవరో వస్తుంటే మళ్ళీ వెనక్కి ఒరిగాడు.

పువ్వు పూర్తయిన సాయంత్రం నీళ్ళు చల్లితే రంగులు మేల్కొన్నాయి. సందులో వాళ్ళంతా చెప్పులు దూరంగా విడిచి వచ్చి చూశారు. ఆ రాత్రి అన్నం తింటూ అమ్మ మెల్లగా కదిపింది.

“ఇంత పని చేసినావు గదా. ఇంగ ఎవురన్నా పిలిస్తే పోరాదా?”

“నేనేం చేసినా? మీ పాప చేసినాది, ఓబుళేశు చేసినాడు. నేను చెప్పినా. చెప్పేటోడికి పనెవుడిస్తాడు? నా వాళ్ళ మధ్యన కుర్చీ యేసుకుంటే నడిచినాది. ఊరోళ్ళ ఇంట్లో కుర్చీ యేసుకుని కూర్చుంటే, యజమాని ఎవుడో మేస్త్రి ఎవుడో వాళ్ళకు అర్థం కావల్ల గదా.”

నవ్వుతూనే అన్నాడు. అమ్మ కంచాలు తీసింది. నాకు ఆయన మీద వెయ్యదగ్గ ఎత్తు ఏదీ తోచలేదు. అలా తోచకపోవడం నా జీవితంలో అదే మొదలు.

జూన్ చివర్లో నెలపొడుపు కనిపించింది. పీర్ల పండగ మొదలు.

మా సందులో ఈ పండగకు కులం, మతం అడిగేవాళ్ళు లేరు, ‘మీ ఇంట్లో కట్టెలు ఎన్ని ఉన్నాయి’ అని మాత్రం అడుగుతారు. చావిడి ముందు గుంత తవ్వి, పదిరోజులూ దాన్లో నిప్పు పెడతారు. అదే గుండం. దాని చుట్టూ అందరూ గుండ్రంగా తిరిగి ఎగురుతారు. నెలపొడుపు చూసిన సాయంత్రం ముజావర్ మొదటి గుద్దలి వెయ్యాలి. పండగ అయిపోయాక గుంతను పూడ్చి, చదును చేసి, మళ్ళీ ఏడాది దాకా దాన్ని మరిచిపోతారు.

ఆ మరిచిపోవడంలో ఈసారి మేం చాలా శ్రద్ధ చూపించాం.

దీపాలు పెట్టే వేళకు తప్పెట్లు మోగాయి. రసూల్ తాత కొత్త లుంగీ, తెల్ల చొక్కా, భుజాన గుద్దలి. ఆయన వెనక ఓబుళేశు, ఉరుకుందమ్మవ్వ, ఏసుమణి అక్క, మేమంతా. నాయన కుర్చీ ముందే వేసిపెట్టాం. చావిడి గడపకు తాత మడమలు ఆనించి నిలబడ్డాడు. గుండం గుర్తు అదే, గడప నుంచి ముజావర్ వేసే ఏడు అడుగులు. వాళ్ళ తాత కూడా అట్లే వేశాడట.

ఒకటి. రెండు. మూడు. కొత్త రాళ్ళు ఆయన చెప్పుల్లేని పాదాలకు చల్లగా ఉన్నాయి కాబోలు, హాయిగా నడిచాడు. ఐదు. ఆరు. ఏడు. గుద్దలి పైకెత్తాడు.

పైకెత్తినవాడు అట్లే ఉండిపోయాడు. పువ్వుకు నట్టనడుమ నిలబడి ఉన్నాడు.

ఒక తప్పెట ఆగింది. రెండోది ఇంకో నాలుగు దెబ్బలు కొట్టి, అనుమానమొచ్చి ఆగింది.  రెండు నెలలు ఈ సందులో రాళ్ళు పరిచాం. తొమ్మిది రోజులు అదేచోట నిలబడి షర్బతు తాగాం. ఆ మట్టిని దిమ్మిసతో గట్టిచేసింది సాక్షాత్తూ ముజావరే. చిన్నప్పటినుంచి ఆ గుండం చుట్టూ ఎగిరి కాళ్ళు కాల్చుకున్న మా నాయనే దాని మీద మేకు దిగ్గొట్టించాడు. పదమూడు ఇళ్ళలో ఒక్కరికి, ఒక్కరికంటే ఒక్కరికి గుర్తు రాలేదు.

తాత గుద్దలి దించాడు. నాయన వైపు చూడకుండా అన్నాడు.

“ఏముండాదిలే. రెండడుగులు పక్కకు తవ్వుకుందాం. పువ్వు పాడైపోతాది.”

“పక్కకా?” అంది ఉరుకుందమ్మవ్వ. “పక్కకెట్ల తవ్వుతావు సాయిబూ? నా కొడుక్కి జరమొచ్చినప్పుడు నేను మొక్కుకున్న తావు ఇది. ముప్పై ఏండ్లనుంచి ఈ తావులోనే కట్టె యేస్తాండా.”

“పీర్లు అడిగితే నేను చెప్పుకుంటాలేమ్మా.”

“నువ్వు చెప్పుకుంటావు. ఉర్దూలో చెప్పుకుంటావు. నేనేం భాషలో చెప్పుకోవాల?”

“తల్లీ, తెలుగు కూడా వస్తాది వాళ్ళకు. ఇన్నేండ్లు మన మధ్యనే ఉండారు గదా.”

“అయితే ఆ తావే అని తెలుగులోనే వాళ్ళకు తెల్సు!”

సాయిబు పువ్వు ఉంచాలంటాడు, అవ్వ గుండం ఉంచాలంటుంది. ఇద్దరికీ మధ్యలో ఏసుమణి అక్క ఎవరి తరఫున మాట్లాడినా రెండోవాళ్ళ కళ్ళు తడి అయ్యేట్టున్నాయి. చివరికి ఓబుళేశుకు ఓపిక నశించింది. “మధ్యలో గుంత వరకు పగలగొడతా, సుట్టూ రెక్కలుంటాయి గదా,” అని గడ్డపార ఎత్తాడు.

“దించు రా దాన్ని!”

నాయన. కుర్చీలోంచి లేచి నిలబడి ఉన్నాడు.

“నాపరాయి నిప్పు పక్కన గమ్మునుంటాది అనుకున్నావా? పేలుతాది. పదోరోజు గుండం సుట్టూ ఎగిరేది మనుషులు కాదు, రాళ్ళు. సుట్టూ మూడడుగులు మట్టే ఉండాల. అంటే పువ్వంతా తీయాల.”

“తీసేదే గదా మామా నేను...”

“నువ్వు తీయవు, పగలగొడతావు. ఇవి ఎత్తాల. సుట్టూ మాలు కొట్టి, కింద ఉలి దూర్చి, రాయికి తెలీకుండా ఎత్తాల. మాలు బిగిసి ఇరవై రోజులైనాది. నాగలతా, యాడ సేయి పెడతావు?”

“ఇక్కడ.”

“కాదు.”

“ఇక్కడ?”

“కాదు మే. అది... చెప్పేదానికి రాదు. సేతికి తెలియాల.”

పువ్వు అంచు దాకా నడిచొచ్చాడు. కర్ర మీద ఆనుకుని నేలను చూస్తూ నిలబడ్డాడు. అందరికీ అర్థమైంది. అర్థమయ్యాక మా సందువాళ్ళు చేసిన మంచిపని ఒక్కటే, ఎవరూ ఆయన్ను చూడలేదు. ఓబుళేశు ఆటో వైపు, ఏసుమణి అక్క బంతిమొక్కల వైపు, తప్పెటవాళ్ళు తప్పెట్లలోకి చూశారు. రసూల్ తాత ఆకాశంలో అప్పటికే మునిగిపోయిన నెలవంకను వెతికాడు.

నాయన కర్ర నాకిచ్చాడు. నా భుజం పట్టుకుని, ఎడమకాలు వంచి, కుడికాలు చాపి, పిర్రల మీద దబ్బుమని కూలబడ్డాడు. మూడేళ్ళ పిల్లాడు మట్టిలో ఆడుకోవడానికి కూర్చున్నట్టు, రెండు కాళ్ళూ బార్లా చాపుకుని.

 తప్పెటవాళ్ళు తప్పెట్లు కాచుకోవడానికి పెట్టిన మంట చిటపటలు మాత్రం వినిపిస్తున్నాయి.

“ఏమప్పా శివన్నా,” అంది ఉరుకుందమ్మవ్వ, “అన్నానికి కూర్చుంటివా?”

ఆయన తల ఎత్తాడు. 

“ఆఁ పెద్దమ్మా. వడ్డించు. ముందు ఆ సుత్తె వడ్డించు.”

అవ్వ నవ్వింది. తాత నవ్వాడు. తర్వాత ఇంక ఎవరినీ ఆపడం కుదరలేదు.

ఉలి మీద మొదటి దెబ్బ వేశాడు. గట్టిగా కాదు, తలుపు తట్టినట్టు. చెవి పెట్టి విన్నాడు. ఇంకోవైపు తట్టాడు. రాయి అంచు వెంట్రుకవాసి లేచింది. దాని కింద అరచెయ్యి దూర్చి పైకి తీశాడు, నా చేతుల్లో పెట్టాడు. చిన్న గీత కూడా లేదు. పిర్రల మీద జానెడు జరిగాడు. ఇంకోటి. మళ్ళీ జానెడు. వెనక్కి కాదు, పక్కకు జరుగుతున్నాడు. ఆ జరిగే తీరు ఆయనకే కొత్త. రెండు రాళ్ళకు ఇబ్బందిపడ్డాడు, మూడో రాయికి ఒళ్ళు దారి కనుక్కుంది.

మేమంతా వరసగా నిలబడి రాళ్ళు అందుకున్నాం. తీసిన రాయి తీసినట్టు చావిడి గోడకు ఆనించాం, ఏ రెక్కది ఆ రెక్కగా. తాత పక్కనే కూర్చుని, రాయి రాయికీ షర్బతు అందించాడు. అర్ధరాత్రి కాకముందే పువ్వు మొత్తం నేలలోంచి లేచి గోడకు చేరింది. నూటపన్నెండు రాళ్ళు. ఒక్కటి పగిలింది, అది నేను జారవిడిచింది. ఊళ్ళో నా మీదున్న ఫిర్యాదుల్లో రుజువైనది ఇప్పటికీ ఆ ఒక్కటే.

ఇంటి నుంచి అమ్మ వచ్చింది. అన్నం చల్లారిపోతోందని పిలవడానికి వచ్చి, నేల మీద నాయనను చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది.

తాత గుద్దలి వేశాడు. తప్పెట్లు మళ్ళీ లేచాయి. అందరం చప్పట్లు కొట్టాం.

“ఇంగ లేస్తావా నాయనా?” చెయ్యి అందించాను.

ఆయన నా చెయ్యి చూశాడు. తన పక్కనున్న రాళ్ళ వరసను చూశాడు.

“ఈ వరస పరిచినోడెవుడు?”

“ఓబుళేశన్న.”

“సందులు సూడు, వేలు దూరతాది. ఎట్లా కూర్చున్నా గదా, ఆ తాపీ ఇట్లియ్యి.”

ఆ పదిరోజులు ఆయన్ను కుర్చీలో చూసినవాళ్ళు లేరు. పొద్దునే వచ్చి కూలబడేవాడు. గుండానికి నాలుగువైపులా మూడడుగులు మట్టి వదిలి, దాని చుట్టూ తీసిన రాళ్ళన్నీ మళ్ళీ పరిచాడు. వలయం పెద్దదైంది కాబట్టి ఎనిమిది రెక్కలు చాల్లేదు, పన్నెండయ్యాయి. చాలని రాళ్ళు ఫ్యాక్టరీల వెనక నుంచి తానే ఆటోలో పోయి ఏరుకొచ్చాడు. పాత ప్యాంటు వెనక చిరిగిపోతే, రసూల్ తాత కోడలు సైకిల్ ట్యూబు ముక్కలు వేసి కుట్టిచ్చింది. అది వేసుకుని నడిస్తే కీచుకీచుమని శబ్దం వచ్చేది. వీధి చివర నుంచే మేస్త్రి వస్తున్నాడని తెలిసేది.

పదోరోజు చుట్టుపక్కల ఊళ్ళనుంచి జనం వచ్చారు. నిప్పు నడుమ, పువ్వు చుట్టూ. ఎగురుతున్నవాళ్ళు రెక్కల మీద అడుగు పడకుండా ఎగరాలని చూసి, లయ తప్పి, ఒకరి మీద ఒకరు పడ్డారు. ఉరుకుందమ్మవ్వ తన కట్టె తన తావులోనే వేసింది. పాణ్యం నుంచి చెల్లెల్ని పిలిపించుకుని మరీ వేసింది. “సూడు, యాడుండాయి మొసళ్ళు?” అని రాయి రాయీ చూపించింది. ఆమె చెల్లెలు నిజంగానే కొంచెం వెతికింది.

పండగైన నాలుగో రోజు మధ్యాహ్నం నాయన ఫోన్ మోగింది. అలవాటు ప్రకారం నేను తీశాను. కోవెలకుంట్ల నుంచి ఎవరో ఇల్లు కట్టుకుంటున్నారట. పదోరోజు మా సందుకు వచ్చి చూశారట. మేస్త్రి ఉన్నాడా అని అడిగారు. నేను మంచి అబద్ధం ఒకటి వెతుక్కుంటున్నాను. అరుగు మీదినుంచి ఒక చెయ్యి వచ్చి ఫోన్ లాక్కుంది.

“నేనే. శివన్నను... ఆఁ, వస్తా. రేప్పొద్దున వచ్చి కొలుస్తా. ఒక మాట అయ్యా, ముందే చెప్తాండా. నా మోకాలు వంగదు. నేను నేల మీద కూర్చోనే పనిచేస్తా, కాళ్ళు సాపుకోని. సూసినోళ్ళకు నవ్వొస్తాది, నవ్వుకోండి... పువ్వా? ఎన్ని రెక్కలు కావాల?”

ఫోన్ పెట్టేసి వంటింటి వైపు కేకేశాడు.

“ఏమే, రేపు ఏడుగంటల బస్సుకు పోవాల. సద్ది కట్టు. రెండు డబ్బాలు.”

“రెండెందుకు? ఒక్క పూటకు అంత తింటావా?” అంది అమ్మ లోపల్నుంచి.

 నాయన ఉలి తీసి, అంచు బొటనవేలితో చూసుకుంటూ నా వైపు చూశాడు. నేను వెనక్కి తిరిగి చూశాను. నా వెనక గోడ తప్ప ఎవరూ లేరు.